డిప్లాయ్ బటన్ కడుతున్న ఇంజినీర్లకు బహిరంగ లేఖ



మీరు కట్టే పేజీ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. పైన టోకెన్ పేరు, దాని పొట్టి పేరు, మొత్తం ఎన్ని కావాలి అంటూ మూడు గడులు. మధ్యలో నాలుగైదు టిక్ పెట్టెలు. అడుగున 'డిప్లాయ్' అని ఒక బటన్. నొక్కగానే మెటామాస్క్ తెరుచుకుంటుంది. ఒప్పుకుంటే కాసేపట్లోనే ఇథీరియం మీదో, పాలిగన్ మీదో, బీఎన్‌బీ చైన్ మీదో కొత్త కాంట్రాక్ట్ వెలుస్తుంది. టోకెన్లకే కాదు, ఎస్క్రోలకు, సంఘం డబ్బు దాచుకునే ఉమ్మడి వాలెట్లకు, కాలేజీ సర్టిఫికెట్లకు కూడా ఇలాంటి పేజీలే. హైదరాబాద్‌లో, విశాఖలో కూర్చుని ఫ్రీలాన్స్ చేసుకునే మన ఇంజినీర్లకు కూడా ఈ పని వస్తోంది. సాలిడిటీ ఒక్క ముక్క రాని క్లయింటు 'యూజర్ ఫారం నింపితే కాంట్రాక్ట్ దానంతటదే డిప్లాయ్ అయిపోవాలి, అంతే' అని చెప్పి, పది రోజుల్లో కావాలంటాడు.

నేను కాంట్రాక్టుల కోడ్ చదివి లోపాలు వెతికే పనిలో ఉన్నాను. ఇలాంటి బటన్లలోంచి వచ్చిన కాంట్రాక్టులు నాలాంటివాళ్ల దగ్గరికి చేరేసరికి చాలాసార్లు చేయడానికి ఏమీ మిగలదు. అందుకే బటన్ కట్టే దశలోనే మీతో మాట్లాడదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆటోమేషన్ వద్దని చెప్పడానికి రాయడం లేదు. చేత్తో డిప్లాయ్ చేసేవాళ్లు తప్పు నెట్‌వర్క్ ఎంచుకుంటారు, కన్‌స్ట్రక్టర్‌కి ఇవ్వాల్సిన విలువలు అటూ ఇటూ చేస్తారు, పెట్టాల్సిన సున్నాలు పెట్టరు. మెషీన్ అలసిపోదు, మరిచిపోదు. ఈ పని మెషీన్ చేయడమే మంచిది. నా అభ్యంతరమల్లా మీరు ఆటోమేట్ చేసింది సగమేనని. లావాదేవీ పంపడం వరకు మెషీన్‌కి అప్పజెప్పారు. పంపేముందు అడగాల్సిన ప్రశ్నలు, పంపాక సరిచూడాల్సిన సంగతులు ఎవరికీ అప్పజెప్పలేదు. ఇబ్బందంతా అక్కడే వస్తోంది.

వెబ్‌సైట్ డిప్లాయ్ చేయడం అలవాటైన చేతులకు ఇక్కడి తేడా ఒకపట్టాన తెలియదు. సర్వర్‌లో తప్పు కోడ్ ఎక్కితే పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లొచ్చు. డేటాబేస్ పాడైతే నిన్నటి బ్యాకప్ ఉంటుంది. ఇథీరియంలో అలా కుదరదు. అక్కడ కాంట్రాక్ట్ పుట్టించే లావాదేవీకి 'ఎవరికి' అనే గడి ఖాళీగా ఉంటుంది, డేటా గడిలో బైట్‌కోడ్ ఉంటుంది. ఆ బైట్‌కోడ్ ఒక్కసారి నడుస్తుంది. కన్‌స్ట్రక్టర్‌లో రాసినవన్నీ ఆ ఒక్కసారిలోనే అయిపోతాయి. యజమాని ఎవరో, మొదటి టోకెన్లు ఎవరి ఖాతాలో పడాలో, దేన్ని నమ్మాలో అప్పుడే తేలిపోతుంది. ఆ తర్వాత కన్‌స్ట్రక్టర్ ఉండదు, అది వెనక్కిచ్చిన కోడ్ మాత్రం ఆ చిరునామాలో స్థిరపడిపోతుంది. అంటే మొత్తం కాంట్రాక్ట్ జీవితంలో అత్యంత బరువైన నిర్ణయాలు ఆ ఒక్క లావాదేవీలో జరుగుతాయి. ఆ లావాదేవీని నడిపేది మీ బటన్.

2017లో జరిగిన పారిటీ వాలెట్ కథ మీలో చాలామంది వినే ఉంటారు. విన్నది ఎక్కువగా 'ఎవరో కుర్రాడు పొరపాటున నొక్కేశాడు' అన్న భాగమే. నాకు మాత్రం అది డిప్లాయ్‌మెంట్ పాఠం. పారిటీ సాఫ్ట్‌వేర్‌లో కొన్ని వివరాలు నింపి ఎవరైనా ఒక మల్టీసిగ్ వాలెట్ పుట్టించుకోవచ్చు. ఒక్కో వాలెట్‌కీ మొత్తం కోడ్ ఎక్కిస్తే గ్యాస్ ఎక్కువవుతుంది కాబట్టి, అసలు తెలివంతా ఒక లైబ్రరీ కాంట్రాక్ట్‌లో పెట్టి, వాలెట్లన్నీ డెలిగేట్‌కాల్ ద్వారా దాన్నే వాడుకునేలా కట్టారు. ఆ ఏడాది జూలై 19న మొదటి దెబ్బ తగిలింది. ఇనిషియలైజ్ చేసే ఫంక్షన్ ఎవరైనా పిలవగలిగేలా ఉండటంతో లక్షన్నర పైచిలుకు ఈథర్ దొంగల పాలైంది. మర్నాడే కోడ్ సరిచేసి కొత్త లైబ్రరీ ఎక్కించారు. కొత్త కోడ్‌లో ఒకసారి ఇనిషియలైజ్ అయిన వాలెట్‌ని మళ్లీ ఇనిషియలైజ్ చేయడం కుదరదు. బాగానే ఉంది. కానీ ఆ లైబ్రరీ తనంతట తాను కూడా ఒక కాంట్రాక్టే కదా, దాన్ని ఎవరూ ఇనిషియలైజ్ చేయలేదు. యజమాని గడి ఖాళీగానే ఉంది.

నవంబర్ 6న ఒక వ్యక్తి నేరుగా ఆ లైబ్రరీ చిరునామాకే ఇనిషియలైజ్ పిలుపు పంపాడు. యజమాని అయిపోయాడు. తర్వాత కాంట్రాక్ట్‌ని తుడిచేసే ఫంక్షన్ పిలిచాడు. లైబ్రరీ పోయింది. దాని మీద ఆధారపడిన 587 వాలెట్లలో 5,13,774 ఈథర్ అలాగే గడ్డకట్టిపోయింది. డబ్బు ఎవరూ ఎత్తుకుపోలేదు. కళ్లెదుటే ఉంది, ఎవరూ ముట్టుకోలేరు. దాన్ని విడిపించడానికి 2018లో ఈఐపీ-999 అనే ప్రతిపాదన వచ్చింది, పెద్ద గొడవ జరిగింది, అక్కడితో ఆగింది. ఆ ఈథర్ ఈరోజుకీ అక్కడే ఉంది.

ఈ కథలో నన్ను ఎక్కువగా బాధపెట్టే ముక్క పారిటీ సంస్థ తర్వాత స్వయంగా రాసిన నివేదికలో ఉంది. లైబ్రరీని డిప్లాయ్ చేయగానే ఇనిషియలైజ్ కూడా చేసేస్తే మంచిదని గిట్‌హబ్‌లో ఒకరు ఆగస్టులోనే సూచించారు. దాన్ని చిన్న సౌకర్యంగా లెక్కేసి, తర్వాతెప్పుడో చేద్దాంలే అని పక్కన పెట్టారు. డిప్లాయ్ స్క్రిప్ట్‌లో ఒక్క లైన్ అది. కోడ్ ఎక్కింది, లావాదేవీ సఫలమైంది, చిరునామా వచ్చింది కాబట్టి పని అయిపోయిందనుకున్నారు. మీ బటన్ కూడా ఇప్పుడు సరిగ్గా అక్కడే ఆగిపోతోంది. లావాదేవీ హ్యాష్ రాగానే ఆకుపచ్చ టిక్ వేసి, రంగు కాగితాలు ఎగరేసి, 'మీ కాంట్రాక్ట్ సిద్ధం' అంటోంది.

ఇదంతా ఎప్పుడో పాతకాలం సంగతి అనుకోకండి. ఆ నిర్మాణమే ఇవాళ మీరూ వాడుతున్నారు, ఈఐపీ-1167 క్లోన్ల పేరుతో. ఎందుకు వాడుతున్నారో అర్థమవుతుంది. కాంట్రాక్ట్ పుట్టించడానికి 32,000 గ్యాస్, ఆపైన దాచే ప్రతి బైట్‌కీ 200. పదివేల బైట్ల కోడ్ ఎక్కించాలంటే దాచడానికే 20 లక్షల గ్యాస్. క్లోన్ అయితే 45 బైట్లే, 9,000 గ్యాస్‌తో సరిపోతుంది. వందల మంది యూజర్లున్న సైట్ క్లోన్ల వైపు మొగ్గడం సహజం. అయితే ఆ 45 బైట్లలో ఉండేది ఒకే ఒక్క అసలు కాంట్రాక్ట్ చిరునామా. మీ యూజర్లందరి కాంట్రాక్టులూ మీరు ఒకనాడు ఎక్కించిన ఆ ఒక్కదాని మీదే నిలబడి ఉంటాయి. 2024 మార్చిలో వచ్చిన డెన్‌కున్ మార్పు తర్వాత ఇథీరియంలో పాత కాంట్రాక్ట్‌ని తుడిచేయడం కుదరదు కాబట్టి పారిటీ కథ అచ్చంగా అలాగే జరగదు. కానీ ఆ ఒక్క కాంట్రాక్ట్‌లో లోపముంటే అందరికీ ఒకేసారి ఉంటుంది. ఆ మాట మీ పేజీలో ఎక్కడైనా రాశారా? టెంప్లేట్ కన్‌స్ట్రక్టర్‌లో ఇనిషియలైజర్లను మూసేసే లైన్ ఉందా? క్లోన్ పుట్టించడం, ఇనిషియలైజ్ చేయడం ఒకే లావాదేవీలో జరుగుతున్నాయా, రెండు లావాదేవీలుగానా? రెండైతే వాటి మధ్య సందులో కాచుకుని కూర్చునే బాట్లున్నాయి. మీ యూజర్ కాంట్రాక్ట్‌కి మీ యూజర్ కంటే ముందు యజమాని అయిపోవడమే వాటి పని.

యజమాని గురించి ఇంకొంచెం చెప్పాలి. నా దగ్గరికొచ్చే వాటిలో మళ్లీ మళ్లీ కనబడే లోపం ఇదే. ఓపెన్‌జెపెలిన్ లైబ్రరీలో ఓనబుల్ అనే కాంట్రాక్ట్ ఉంది, అందరం వాడతాం. దాని నాలుగో వెర్షన్ వరకు, కాంట్రాక్ట్‌ని ఎవరు పుట్టిస్తే వాళ్లే యజమాని. రీమిక్స్‌లో కూర్చుని మీ వాలెట్‌తో డిప్లాయ్ చేస్తే యజమాని మీరే, చిక్కు లేదు. అదే కోడ్‌ని వెబ్ అప్లికేషన్ వెనక పెట్టారనుకోండి. సర్వర్‌లోని కీ సంతకం చేస్తే యజమాని ఆ సర్వర్ వాలెట్. ఫ్యాక్టరీ కాంట్రాక్ట్ ద్వారా పుట్టిస్తే యజమాని ఆ ఫ్యాక్టరీ. అన్ని చైన్లలో ఒకే చిరునామా రావాలని క్రియేట్2 వాడి, ఎవరి చేతిలోనూ లేని ఉమ్మడి డిప్లాయర్ గుండా పంపిస్తే, యజమాని ఆ డిప్లాయర్. అంటే ఎవరూ కారు. ఇక ఆ కాంట్రాక్ట్‌లో యజమాని మాత్రమే చేయగల పని ఏదీ ఎప్పటికీ జరగదు. ఫారం నింపి డబ్బు కట్టిన మనిషికి ఇవేవీ తెలియవు. తన పేరున్న టోకెన్ తనదే అనుకుంటాడు. ఆర్నెల్ల తర్వాత అత్యవసరంగా పాజ్ చేయాల్సి వచ్చిన రోజున లావాదేవీ తిరిగొస్తుంది, 'నువ్వు యజమానివి కావు' అని. 2023 అక్టోబర్‌లో వచ్చిన ఐదో వెర్షన్‌లో మొదటి యజమాని చిరునామాని స్పష్టంగా ఇచ్చి తీరాలన్న నియమం పెట్టారు. మంచి మార్పు. కానీ ఆ గడిలో సర్వర్ చిరునామానే పెట్టి కంపైల్ ఎర్రర్ పోగొట్టుకున్న కోడ్ కూడా నా కంటపడుతోంది.

దీనికి మందు పెద్దదేమీ కాదు. రసీదు రాగానే మీ అప్లికేషనే వెళ్లి కొత్త చిరునామాలో కోడ్ ఉందో లేదో చదవాలి. యజమాని ఎవరని కాంట్రాక్ట్‌నే అడగాలి. వచ్చిన జవాబు యూజర్ వాలెట్‌తో సరిపోతేనే ఆకుపచ్చ టిక్ వేయాలి. సరిపోకపోతే ఎర్రగా చూపించి, ఎక్కడ తేడా వచ్చిందో చెప్పాలి. మొత్తం టోకెన్ల సంఖ్యను, దశాంశ స్థానాలను, ప్రాక్సీ అయితే అది చూపించే అసలు చిరునామాని కూడా ఇలాగే వెనక్కి చదవాలి. చదవడానికి గ్యాస్ పడదు. ఒక్క విలువ తప్పు పడితే ఏమవుతుందో చైన్ల మధ్య టోకెన్లు దాటించే నోమాడ్ బ్రిడ్జిని చూస్తే తెలుస్తుంది. అప్‌గ్రేడ్ సమయంలో 'నమ్మదగిన రూట్' అనే గడిలో సున్నా పెట్టి ఇనిషియలైజ్ చేశారు. రుజువు కాని ప్రతి సందేశానికీ డిఫాల్ట్ విలువ సున్నాయే. దాంతో రుజువు లేని సందేశాలన్నీ రుజువైనట్టే చెల్లిపోయాయి. 2022 ఆగస్టు 1న ఒకడు దాన్ని కనిపెట్టాడు. మిగిలినవాళ్లు అతని లావాదేవీని కాపీ చేసి తమ చిరునామా అతికించి పంపారు. దాదాపు 19 కోట్ల డాలర్లు ఖాళీ అయ్యాయి.

ఇక చిరునామాల సంగతి. కాంట్రాక్ట్ చిరునామా అనేది పంపినవాడి చిరునామా, నాన్స్ (అతని లావాదేవీల వరస సంఖ్య) రెండింటి నుంచి లెక్కకు వస్తుంది కాబట్టి పుట్టకముందే చెప్పేయొచ్చు. కొన్ని సైట్లు ఆ సౌకర్యాన్ని వాడుకుని, లావాదేవీ బ్లాక్‌లోకి ఎక్కకముందే 'ఇదిగో మీ చిరునామా' అని చూపిస్తున్నాయి. అది చూసి ఎవరైనా అక్కడికి డబ్బు పంపితే, లావాదేవీ విఫలమైతే, ఆ డబ్బు కోడ్ లేని చోట పడుతుంది. ఒక చైన్‌లో ఉన్న చిరునామా ఇంకో చైన్‌లో కూడా అదే మనిషిదని అనుకోవడం ఇంకా ప్రమాదం. 2022లో ఆప్టిమిజం ఫౌండేషన్ వింటర్‌మ్యూట్ సంస్థకు 2 కోట్ల ఓపీ టోకెన్లు పంపింది. వాళ్లిచ్చిన చిరునామా ఇథీరియంలో ఉన్న మల్టీసిగ్ వాలెట్‌ది. ఆప్టిమిజం చైన్‌లో ఆ చిరునామా దగ్గర అప్పటికి ఏమీ లేదు. ఆ టోకెన్లు కాజేసినవాడు ఏం చేశాడో చూడండి. ఆ వాలెట్లను పుట్టించే పాత ఫ్యాక్టరీని ఇథీరియంలో ఎక్కించిన లావాదేవీకి చైన్ నంబర్ లేదు. దాన్నే తెచ్చి ఆప్టిమిజంలో మళ్లీ పంపాడు. ఫ్యాక్టరీ అదే చిరునామాలో పుట్టింది. ఇక ఆ ఫ్యాక్టరీతో వేలకొద్దీ వాలెట్లు వరసగా పుట్టించుకుంటూ పోయాడు. నాన్స్ సరిగ్గా కలిసిన చోట వింటర్‌మ్యూట్ ఇచ్చిన చిరునామాలో వాలెట్ లేచింది, యజమాని తానే. తర్వాత 1.7 కోట్ల టోకెన్లు తిరిగిచ్చాడు, అది వేరే సంగతి. 'అన్ని చైన్లలో ఒకే చిరునామా' అని మీ పేజీ మీద గొప్పగా రాసేముందు, ప్రతి చైన్‌లో అక్కడ నిజంగా ఏముందో మీ కోడ్ వెళ్లి చూస్తోందా?

చైన్ల మధ్య ఇంకో చిన్న తేడా కూడా మనుషుల్ని తిప్పలు పెడుతోంది. సాలిడిటీ 0.8.20 నుంచి కంపైలర్ డిఫాల్ట్‌గా ఇథీరియం షాంఘై మార్పు, లేదా దాని తర్వాతి మార్పుల నియమాలకు తగ్గట్టు కోడ్ తయారు చేస్తుంది, అందులో పుష్0 అనే కొత్త ఆదేశం వస్తుంది. దాన్ని ఇంకా చేర్చుకోని చైన్‌లో అదే కోడ్ నడవక విఫలమవుతుంది. చైన్‌ల జాబితాలో పది పేర్లు పెట్టి, అన్నిటికీ ఒకే బైట్‌కోడ్ పంపే సైట్లు యూజర్ గ్యాస్‌ని ఊరికే కాలుస్తున్నాయి. ముందుగా ఆ చైన్ నకలు మీద ఒకసారి నడిపి చూస్తే తెలిసిపోయేదే.

సర్వర్ కీ గురించి గట్టిగా చెప్పాలి. యూజర్ దగ్గర వాలెట్ లేదు, గ్యాస్ కట్టడం రాదు, కాబట్టి మా సర్వరే సంతకం చేసి పంపేస్తుంది అంటారు. సర్టిఫికెట్లలాంటి పనులకు అది సబబే. అయితే ఆ ప్రైవేట్ కీ ఎక్కడుంది? డాట్ ఈఎన్‌వీ ఫైల్‌లో, మామూలు అక్షరాల్లో. ఆ ఫైల్ ఇంటర్న్ ల్యాప్‌టాప్‌లో ఉంది, స్టేజింగ్ సర్వర్‌లో ఉంది, ఒకరోజు గిట్‌హబ్‌లోకి కూడా పోతుంది. పబ్లిక్ రిపాజిటరీలో ప్రైవేట్ కీ పడితే దాన్ని పట్టుకునే బాట్లు మీరు కమిట్ వెనక్కి తీసుకునేలోపే వాలెట్ ఊడ్చేస్తాయి. వెనక్కి తీసుకున్నా గిట్ చరిత్రలో కీ ఉండనే ఉంటుంది. ఆ కీ కేవలం గ్యాస్ కట్టేదైతే పోయేది గ్యాస్ డబ్బే. అదే కీ ఇప్పటిదాకా పుట్టిన కాంట్రాక్టులన్నిటికీ యజమాని కూడా అయితే పోయేది మీ యూజర్లందరి సొమ్ము. ఈ రెండూ ఎప్పటికీ ఒకటి కాకూడదు. డిప్లాయ్ చేసే కీకి డిప్లాయ్ అయిన మరుక్షణం ఏ అధికారమూ మిగలకూడదు. అందులో రోజు ఖర్చుకు సరిపడా ఈథర్ మించి ఉంచకూడదు. కీని క్లౌడ్ కంపెనీలిచ్చే కీ నిర్వహణ సేవల్లోనో, హార్డ్‌వేర్ మాడ్యూల్‌లోనో పెట్టి, సర్వర్‌కి సంతకం అడిగే హక్కు మాత్రమే ఇవ్వాలి.

అదే సర్వర్‌కి ఒకేసారి రెండు అభ్యర్థనలు వస్తే రెండూ ఒకే నాన్స్ తీసుకుంటాయి. ఒకటి ఎక్కుతుంది, రెండోది తిరిగొస్తుందో మొదటిదాన్ని తోసేస్తుందో గ్యాస్ ధరను బట్టి ఉంటుంది. పరీక్షలో మీరు ఒక్కరే నొక్కుతారు కాబట్టి ఇది కనబడదు. ప్రారంభోత్సవం రోజు వందమంది నొక్కినప్పుడే కనబడుతుంది. ఒక కీకి ఒక క్యూ పెట్టండి. చాలు.

'మా సైట్‌లో కీ ఉండదు, యూజరే తన వాలెట్‌తో సంతకం చేస్తాడు, కాబట్టి మా బాధ్యత లేదు' అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు 2025 ఫిబ్రవరి 21 గుర్తు చేస్తాను. బైబిట్ ఎక్స్‌చేంజి నుంచి దాదాపు 4 లక్షల ఈథర్, అంటే 150 కోట్ల డాలర్ల సొమ్ము పోయిన రోజది. వాళ్లు వాడింది సేఫ్ మల్టీసిగ్ వాలెట్. సేఫ్ కాంట్రాక్టుల్లో లోపం లేదు. సంతకాలు పెట్టినవాళ్ల కీలు పోలేదు. పోయిందల్లా వెబ్ పేజీ. సేఫ్ డెవలపర్ ఒకరి మెషీన్‌లోకి చొరబడి, క్లౌడ్‌లో ఉన్న జావాస్క్రిప్ట్ ఫైల్‌ని మార్చేశారు. ఆ మార్పు బైబిట్ వాలెట్ తెరిచినప్పుడు మాత్రమే పనిచేసేలా రాశారు. సంతకాలు పెట్టేవాళ్లకు తెర మీద రోజూ చేసే మామూలు బదిలీ కనబడింది. వాళ్లు నిజంగా సంతకం పెట్టింది ఒక డెలిగేట్‌కాల్‌కి. అది వాలెట్ ప్రాక్సీ చూపించే అసలు కాంట్రాక్ట్ చిరునామాని దొంగలు ముందే ఎక్కించి పెట్టుకున్న కాంట్రాక్ట్‌కి మార్చేసింది. చేతిలోని హార్డ్‌వేర్ వాలెట్ తెర మీద మనిషి చదవగలిగేదేమీ లేదు. ఎఫ్‌బీఐ దీన్ని ఉత్తర కొరియా పని అని ప్రకటించింది. అంత పెద్ద ఎక్స్‌చేంజిలో, అంత అనుభవమున్నవాళ్లే పేజీ చూపించింది నమ్మారు. మీ యూజర్ నమ్మకుండా ఎలా ఉంటాడు? మీ పేజీ చెప్పేదే అతనికి నిజం. డిప్లాయ్ లావాదేవీలో అతని వాలెట్ కిటికీలో కనబడేది పొడుగాటి హెక్స్ అక్షరాల వరస, అంతే.

కాబట్టి ఆ వరస ఏమిటో అతను మీ ప్రమేయం లేకుండా సరిచూసుకునే దారి మీరే కట్టివ్వాలి. ఇది మీకు తప్ప ఇంకెవరికీ సాధ్యం కాదు. సోర్స్ కోడ్ మీ దగ్గరుంది. ఏ కంపైలర్ వెర్షన్, ఆప్టిమైజర్ ఎన్ని రన్‌లు, కన్‌స్ట్రక్టర్‌కి ఏ విలువలు వెళ్లాయో మీ దగ్గరే ఉన్నాయి. డిప్లాయ్ అయిన వెంటనే వాటిని సోర్సిఫైకి, ఈథర్‌స్కాన్‌కి పంపి కోడ్‌ని వెరిఫై చేయించడానికి నాలుగు లైన్ల కోడ్ చాలు. సాలిడిటీ కంపైలర్ బైట్‌కోడ్ చివర మెటాడేటా హ్యాష్ ఒకటి అతికిస్తుంది. సోర్స్‌లో ఒక వ్యాఖ్య మారినా ఆ హ్యాష్ మారుతుంది. కాబట్టి సరిగ్గా అదే ఫైల్ ఉంటేనే పూర్తిగా సరిపోతుంది. ఆ ఫైల్ మీ సర్వర్‌లోనే ఉండిపోయి, ఏడాది తర్వాత డొమైన్ రెన్యూ చేయక సైట్ మూతపడితే, ఆ కాంట్రాక్టులన్నీ ఎవరూ చదవలేని మూటలుగా మిగిలిపోతాయి. అలాంటి మూటలు విప్పమని అడిగేవాళ్లకు బైట్‌కోడ్‌ని ఆదేశం ఆదేశంగా చదివి చెప్పాల్సి వస్తుంది. వాళ్లు కట్టాల్సిన ఖర్చు కాదది.

మన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల బయట దస్తావేజులు రాసేవాళ్లున్నారు. ఆస్తి వాళ్లది కాదు, కొనేదీ అమ్మేదీ వాళ్లు కాదు. అయినా దస్తావేజు చివర రాసినవారి పేరు, సంతకం ఉంటాయి. రేపు ఏ హద్దు దగ్గర తేడా వచ్చినా ఎవరు రాశారో తెలుస్తుంది. మీరు చేస్తున్నది సరిగ్గా ఆ పనే. టెంప్లేట్ మీది, ఏ టిక్ పెట్టెకు ఏ కోడ్ చేరాలో నిర్ణయించింది మీరు, యూజర్ పూరించింది ఖాళీలే. కోడ్‌లో మీ సైట్ పేరు, టెంప్లేట్ వెర్షన్ రాయండి. ఏ వెర్షన్‌లో ఏ లోపం బయటపడిందో అందరూ చూసేలా ఒక పేజీ పెట్టండి. లోపం తెలిసిన రోజున, ఆ టెంప్లేట్‌తో పుట్టిన కాంట్రాక్టుల యజమానులకు కబురు అందాలి.

ఇక టిక్ పెట్టెలు. ఈ భాగం రాయడం కష్టంగా ఉంది, ఎందుకంటే ఇందులో తెలియక జరిగేది తక్కువ. 'బ్లాక్‌లిస్ట్', 'అమ్మకం మీద పన్ను', 'ట్రేడింగ్ ఆపే అధికారం', 'తర్వాత ఎన్నైనా ముద్రించుకోవచ్చు'. ఒక్కోదానికీ న్యాయమైన అవసరం ఉండొచ్చని ఒప్పుకుంటాను. కానీ ఈ నాలుగూ కలిపి టిక్ పెట్టి, కోడ్ వెరిఫై చేయకుండా వదిలేస్తే, కొనడం వీలై, అమ్మడం వీలుకాని టోకెన్ రెండు నిమిషాల్లో తయారవుతుంది. 2021లో కొరియన్ సిరీస్ పేరు వాడుకుని వచ్చిన స్క్విడ్ టోకెన్ ధర నవంబర్ 1న 2,800 డాలర్లు దాటి, నిమిషాల్లో దాదాపు సున్నాకి పడిపోయింది. కొన్నవాళ్లు అమ్ముకోలేకపోయారు. ఇప్పుడు అలాంటిది చేయడానికి కోడ్ రాయడం కూడా రానక్కర్లేదు. ఆ తర్వాత టెలిగ్రామ్ గ్రూపుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఆ టోకెన్ తెలుగులో కూడా అమ్ముడవుతుంది. కొనేవాళ్లలో గ్యాస్ అంటే ఏమిటో తెలియనివాళ్లూ ఉంటారు. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను, జూలై నుంచి అమ్మకాల మీద 1 శాతం టీడీఎస్ ఉన్నాయి. టోకెన్ పుట్టించేవాడు కొనేవాడికి ఏమేం చెప్పి తీరాలో నిర్దేశించే ప్రత్యేక చట్టం మాత్రం రాలేదు. అది వచ్చేదాకా ఆగకండి. యజమానికి అదనపు అధికారమిచ్చే ప్రతి టిక్‌కీ కోడ్‌లోనే ఒక చదవగలిగే ఫంక్షన్ చేర్చండి. ఈ యజమాని ఎవరి టోకెన్లనైనా ఆపగలడా, పన్ను ఎంతవరకు పెంచగలడు, ఇంకా ముద్రించగలడా, ఎవరు అడిగినా కాంట్రాక్టే జవాబు చెప్పాలి. పన్నుకి దాటలేని గరిష్ఠ హద్దు టెంప్లేట్‌లోనే రాసెయ్యండి. క్లయింటు వద్దంటే ఆ పని ఒప్పుకోకండి. అలాంటి పని ఒప్పుకునేవాడు ఇంకొకడు దొరుకుతాడని నాకూ తెలుసు. అయినా మీరు ఒప్పుకోకండి.

సంతకానికి ముందు వచ్చే తెర గురించి నేను అడిగేది కొంచెమే. మెటామాస్క్ కిటికీ తెరుచుకునేముందు ఒక పేజీ చూపించండి. యజమాని ఈ చిరునామా అవుతాడు, ఇది మీదే. ఈ కోడ్ తర్వాత మార్చడం కుదరదు, లేదా ఫలానా చిరునామా మార్చగలదు. మొత్తం ఇన్ని టోకెన్లు, ఇవన్నీ ఫలానా ఖాతాలో పడతాయి. ఇది ఫలానా చైన్, ఇది పరీక్ష నెట్‌వర్క్ కాదు, అసలుది. ఖర్చు ఇంత. తెలుగువాళ్లు వాడే సైట్ అయితే ఆ పేజీ తెలుగులోనే ఉండాలి. దశాంశ స్థానాలు 18 అని ఉన్న చోట యూజర్ 100 అని టైప్ చేస్తే, చైన్ మీదికి వెళ్లేది 100 పక్కన 18 సున్నాలు. ఆ సంఖ్యని అతను ఒకసారి కళ్లారా చూసి ఒప్పుకోవాలి.

చివరగా, సైట్ మూసేయాల్సి వస్తే ఏం చేస్తారో ఈరోజే రాసి పెట్టుకోండి. ప్రతి డిప్లాయ్ తర్వాత యూజర్‌కి ఒక జిప్ ఫైల్ ఇవ్వండి. అందులో సోర్స్, కంపైలర్ సెట్టింగులు, కన్‌స్ట్రక్టర్ విలువలు, ఏబీఐ, లావాదేవీ హ్యాష్, చైన్ నంబర్ ఉండాలి. ఏ కాంట్రాక్ట్ అధికారమైనా ఇంకా మీ చిరునామా మీద ఉంటే, సర్వర్ ఆపేముందు దాన్ని యూజర్‌కి బదిలీ చేయండి. బదిలీ చేశాక యజమాని ఎవరని కాంట్రాక్ట్‌ని మరోసారి అడిగి, వచ్చిన జవాబు అతనికి ఈమెయిల్ చేయండి.

ఇట్లు,
కాంట్రాక్టుల కోడ్ చదివే ఒక తెలుగు ఇంజినీరు